చెట్టు కొట్టే ముందు గబ్బిలాలున్నాయో లేదో చూడటం: డెల్టా చెట్లలో దేనికి ఏ పద్ధతి నయం

గోదావరి డెల్టాలో చెట్ల పని రెండు కాలాల్లో జోరుగా సాగుతుంది. ఎండాకాలం చివర్లో, ఈదురుగాలులు మొదలవకముందే కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టేస్తారు. మళ్లీ దసరా దగ్గర పడేసరికి తుఫాను భయం పట్టుకుంటుంది. ఇంటి మీదికి వాలిన కొమ్మలు, ఎండిపోయిన తాడిచెట్లు, కాలవగట్ల మీద తొర్రపడిన నిద్రగన్నేర్లు అప్పుడు తీయిస్తారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లకు ఆ భయం గురించి ఒకరు చెప్పక్కర్లేదు. కాబట్టి చెట్టు ముట్టుకోవద్దని నేను చెప్పబోవడం లేదు. కత్తి పడేముందు ఆ చెట్టులో గబ్బిలాలు కాపురముంటున్నాయేమో చూడాలి. ఎలా చూడాలన్నదానికి నాలుగైదు దారులున్నాయి. ఒక్కోదానికి ఎంత శ్రమ, ఏది ఎక్కడ నమ్మొచ్చు, ఏది ఎక్కడ మోసం చేస్తుంది అన్నది తెలిస్తే ఎంచుకోవడం తేలిక.

నా మాట ముందే చెప్పేస్తాను. అన్ని చెట్లకూ సరిపోయే పద్ధతి లేదు. తాడిచెట్టుకు దాన్ని ఎక్కేవాడి కన్నే కావాలి. తొర్ర ఉన్న ముసలి చెట్టు దగ్గర సందెవేళ కూర్చోవాలి. మర్రికి, రావికి పగలు తలెత్తి చూస్తే చాలు. పరికరాలు కొనడం అన్నిటికంటే ఆఖరున ఆలోచించాల్సిన సంగతి.

ముందు ఏ గబ్బిలం కోసం వెతుకుతున్నాం

గబ్బిలం అనగానే అందరికీ గుర్తొచ్చేది పెద్దది. రెక్కలు చాపితే నాలుగడుగులు దాటుతుంది, మూతి నక్కను పోలి ఉంటుంది, ఎదిగినదైతే కిలో పైగా తూగుతుంది. ఇది దాక్కోదు. మర్రి, రావి, చింత, నిద్రగన్నేరు, తెల్లమద్ది లాంటి పెద్ద చెట్ల కొమ్మలకు పట్టపగలు బాహాటంగా వేలాడుతుంది, వందల్లో కూడా ఉంటుంది. చెరువో, కాలవో, ఏరో దగ్గర్లో ఉన్న చెట్టంటే దానికి ఇష్టం. డెల్టాలో నీళ్లకు కొదవ లేదు కాబట్టి అలాంటి చెట్లూ ఊరూరా ఉన్నాయి. వీటిని వెతకాల్సిన పని లేదు, ఊళ్లో పిల్లాణ్ణి అడిగినా ఏ చెట్టో చూపిస్తాడు.

రెండోది పొట్టిముక్కు పండ్ల గబ్బిలం. గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. అసలు చిక్కు దీనితోనే. తాడిచెట్టుకు వేలాడే ఎండు మట్టల కిందా, నరమామిడి ఆకుల గుబురులోనూ ఇది ఇల్లు కట్టుకుంటుంది. కట్టుకుంటుంది అన్నది ఊరికే అన్న మాట కాదు. మగ గబ్బిలం ఆకు ఈనెలను కొరికి, ఆకులు కిందికి వాలేలా చేసి గుడారం తయారుచేస్తుంది. అందులోకి కొన్ని ఆడవి చేరి పిల్లల్ని పెంచుతాయి. జీలుగు చెట్టు గెలల మధ్య పూతనూ కాయలనూ కొరికి ఖాళీ చేసి అక్కడ కూడా ఉంటుంది. కింద నిలబడి చూస్తే మామూలు ఎండాకులే కనిపిస్తాయి.

మూడోవి పురుగులు తినే చిన్న గబ్బిలాలు. తొర్రల్లో, పైకి లేచిన బెరడు వెనక, చీలిన కొమ్మ సందుల్లో, తాటాకుల మడతల్లో ఉంటాయి. రాత్రంతా వరిచేల మీద చిమ్మెటలను, దోమలను ఏరుకు తింటాయి. ఈ జాతుల్లోనే నారింజరంగు ఒళ్లు, నలుపు కలిసిన రెక్కలు ఉన్న ఒక అందగాడు ఎండిన అరటాకు చుట్టల్లో పడుకుంటాడు. రావులపాలెం చుట్టుపక్కల తోటల్లో ఎండాకులు కోసేవాళ్లు చుట్టను చితక్కొట్టేముందు ఒకసారి లోపలికి చూస్తే మంచిది.

ఈ మూడు రకాలూ గుర్తుంటే ఏ పద్ధతి దేనికన్నది సగం తేలిపోయినట్టే.

పగటిపూట కింద నుంచి చూడటం

డబ్బు ఖర్చు లేదు, అరగంట చాలు. ప్రతి చెట్టుకూ ఇక్కడే మొదలుపెట్టాలి. చెట్టు చుట్టూ నాలుగు పక్కలా నిలబడి మొదలు నుంచి చిటారు దాకా చూడండి. పిల్లల దగ్గర దుర్భిణి ఉంటే అడిగి తీసుకోండి. లేకపోతే ఫోన్ కెమెరాలో పెద్దది చేసి ఫోటోలు తీసుకుని నీడలోకి వచ్చి నిదానంగా చూసుకోవచ్చు.

చూడాల్సినవి ఇవి: వడ్రంగిపిట్ట పొడిచిన కన్నాలు, కొమ్మ విరిగిన చోట పడ్డ తొర్ర, పిడుగు పడి చీలిన పొడవాటి సందు, బెరడు ఊడి లేచిన చోటు. అలాంటి కన్నం కనిపిస్తే దాని కింది అంచు మీద మనసు పెట్టండి. గబ్బిలాలు రోజూ వచ్చిపోయే కన్నం అంచు వాటి ఒంటి జిడ్డుతో నల్లగా, నున్నగా అరిగి ఉంటుంది. దాని కింద కాండం మీద చారలు దిగి ఉంటాయి. మధ్యాహ్నం ఎండ మండుతున్నప్పుడు లోపల్నుంచి కీచుకీచు వినిపించినా వినిపించవచ్చు. సాలెగూడు చెక్కుచెదరకుండా అల్లుకున్న కన్నమైతే ఆ దారిన ఈమధ్య ఏదీ రాకపోకలు సాగించలేదని అర్థం.

తర్వాత నేల చూడండి. వడ్లగింజంత నల్లటి పెంటికలు దొరికితే కాగితం మీద వేసి, ఇంకో కాగితంతో నొక్కి నలపండి. చేత్తో ముట్టుకోవద్దు. ఎలుకదైతే ఎండాక రాయిలా ఉంటుంది, పొడి కాదు. బల్లిదైతే చివర తెల్లటి మచ్చ ఉంటుంది. పురుగులు తినే గబ్బిలానిదైతే పొడిపొడిగా రాలిపోతుంది. ఆ పొడిని ఎండలోకి పట్టి చూస్తే పురుగుల రెక్కల ముక్కలు, పెంకుల తునకలు తళతళలాడతాయి. ఇంతకంటే ఖాయమైన ఆనవాలు కింద నుంచి ఇంకోటి దొరకదు.

పిప్పి విషయంలో మాత్రం చాలామంది పొరబడతారు. బాదం చెట్టు కిందో, జామ చెట్టు కిందో నమిలి ఉమ్మేసిన పిప్పి ముద్దలు, పంటిగాట్లున్న కాయలు కనిపించగానే ఇక్కడే గబ్బిలాలున్నాయి అనుకుంటారు. పండ్ల గబ్బిలం కాయను ఒక చెట్టు నుంచి తెంచుకుని ఇంకో చెట్టు మీదికి పోయి తింటుంది. తినే కొమ్మ వేరు, పగలు నిద్రపోయే చోటు వేరు. పిప్పి ఉంటే రాత్రి అక్కడ తిన్నాయని మాత్రమే తేలుతుంది. పిప్పి లేదు కదా అని తాడిచెట్టును కూల్చేయడమూ తప్పే.

పెద్ద గబ్బిలాలకు పగటి చూపు నూటికి నూరుపాళ్లు సరిపోతుంది. తొర్రలో ఉండేవాటి విషయంలో ఇది అనుమానం పుట్టిస్తుందే తప్ప తేల్చదు. పైగా మన వానలకు ఒక్క జల్లు పడితే పెంటికలు, చారలు అన్నీ కొట్టుకుపోతాయి. తాటి మట్టల కింద ఉన్నవాటిని పట్టుకోవడంలోనైతే ఇది దాదాపు పనికిరాదు.

సందెవేళ కాపలా

తొర్ర ఉన్న చెట్టుకు నేను మొదట ఎంచుకునేది ఇదే. పొద్దుగూకడానికి పావుగంట ముందు చెట్టుకు తూర్పుపక్క కూర్చోవాలి. అలా కూర్చుంటే పడమటి ఆకాశం వెలుగు మీద తొర్ర నోరు నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. మన దగ్గర నవంబరు చివర్లో ఐదున్నరకే పొద్దుగూకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. ఆ లెక్క చూసుకుని వెళ్లండి. పొద్దుగూకాక కనీసం గంట, వీలైతే గంటన్నర కూర్చోవాలి. చిన్న పురుగు గబ్బిలాలు ముందుగా, ఇంకా వెలుతురు ఉండగానే బయటికొస్తాయి. పండ్ల గబ్బిలాలు మసక చిక్కబడ్డాక, పొద్దుగూకిన సుమారు అరగంటకు కదులుతాయి.

కాలవగట్టు మీద నిద్రగన్నేరు ఒకటి ఉందనుకోండి. ఆకులు ముడుచుకునే వేళ. కాకులు, గోరింకలు సద్దుమణిగాయి. చూపు తొర్ర నోటి మీదే ఉంచాలి, పక్కన గాల్లో ఎగిరేవాటి మీదికి పోనివ్వకూడదు. మొదట నోట్లో ఏదో కదిలినట్టుంటుంది, తల ఒకటి బయటికొచ్చి లోపలికి పోతుంది. కాసేపటికి ఒకటి కిందికి జారి, నేలకు తగిలేలా దిగి, రెక్కలు విప్పుకుని పైకి లేస్తుంది. దాని వెనకే రెండోది, మూడోది. గాల్లో తిరుగుతున్న గబ్బిలాన్ని చూసి లెక్కలో వేసుకోకూడదు, అది ఎక్కణ్ణుంచైనా వచ్చి ఉండొచ్చు. కన్నంలోంచి జారింది చూస్తేనే లెక్క.

ఇద్దరు కావాలి. చెట్టుకు వెనకపక్క ఇంకో కన్నం ఉంటే ఒక్కడికి తెలియదు. టార్చి తప్పదనుకుంటే దానికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి, తెల్లటి వెలుగు తొర్రలోకి కొడితే అవి బయటికి రావడం మానేస్తాయి. ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకోండి, కాలవగట్టు దోమలు ఊరుకోవు. వాన కురుస్తున్నా, గాలి గట్టిగా ఉన్నా ఆ పూట చూసింది లెక్కలోకి రాదు, మర్నాడు మళ్లీ కూర్చోవాలి.

రాత్రి మెలకువ వచ్చే అలవాటున్నవాళ్లకు తెల్లవారుజాము ఇంకా నయం. తిరిగొచ్చిన గబ్బిలాలు వెంటనే లోపలికి దూరవు. కన్నం ముందు గుండ్రంగా తిరిగి, వాలి, మళ్లీ ఎగిరి ఆఖరికి దూరుతాయి. సందెవేళ ఒక్క క్షణంలో జారిపోయే దృశ్యం తెల్లవారుజామున నాలుగైదుసార్లు కళ్లముందే జరుగుతుంది. ఏ చెట్టులో ఉన్నాయో తెలియక నాలుగు చెట్లను అనుమానిస్తున్నప్పుడు ఇది చాలా పనికొస్తుంది.

దీనిలో లోపం లేకపోలేదు. చెట్లలో ఉండే చిన్న గబ్బిలాలు ఒకే తొర్రకు కట్టుబడి ఉండవు, తరచుగా ఇల్లు మారుస్తాయి. ఇవాళ లేవు కాబట్టి పదిరోజుల తర్వాత నిశ్చింతగా కొట్టొచ్చు అనుకోకూడదు. చెట్టు కొట్టే ముందురోజు సాయంత్రం చూసిందే అన్నిటికంటే విలువైనది. గుబురుగా ఉండే చెట్టులో ఆకుల చాటున ఎగిరిపోయేవి కనిపించవన్నది రెండో లోపం.

ఎక్కి చూడటం

బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం గబ్బిలాన్నీ, అది ఉండే చోటునూ కాపాడుతుంది. అందువల్ల అక్కడ చెట్ల పనివాళ్లకు తొర్రలు పరీక్షించడం పనిలో భాగం. తాళ్లతో చెట్టెక్కి తొర్రలు చూసే శిక్షణ పొందిన మనుషులే వేరుగా ఉంటారు. మనకు అలాంటి మనుషులు లేరనుకుంటాం గానీ అంతకంటే అలవాటున్న పనివాళ్లు ఊరూరా ఉన్నారు. తాడిచెట్టు రోజుకు రెండుపూటలా ఎక్కే గీత కార్మికులు, తోటలన్నీ తిరిగే కొబ్బరి దింపువాళ్లు. కల్లుకుండ మీద రాత్రిళ్లు ఏవి వాలుతున్నాయో, ఏ చెట్టు మట్టల కింద ఏవి వేలాడుతున్నాయో గీత కార్మికుడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చెట్టు కొట్టించే ఆసామి ఆ కబురు అడగడం లేదు, అంతే. ఒక పూట కూలి ఇచ్చి ఎక్కి చూడమంటే పరికరాలేవీ చూపలేనిది చూసి చెప్తాడు.

గీత గీసే చెట్టుకు ఎండు మట్టలు ఎప్పటికప్పుడు తీసేస్తారు, కాబట్టి అక్కడ గబ్బిలం ఉండే అవకాశం తక్కువ. ఏళ్ల తరబడి ఎవరూ ఎక్కక, ఎండు మట్టలు కిందికి వాలి దట్టంగా పేరుకున్న పోతుతాడునే ముందు అనుమానించాలి. రొయ్యల చెరువు తవ్వడానికో, ఇంటిస్థలం చదును చేయడానికో పొలంగట్టు మీద వరసగా కూల్చేస్తున్నది సరిగ్గా ఆ చెట్లనే. అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఎక్కేవాళ్లకు రెండు మాటలు చెప్పి పంపండి. మట్టను ఊపకుండా, కింది నుంచి పైకి చూడమనండి. కొరికిన ఈనెలు, కిందికి మడిచినట్టు వాలిన ఆకులు, వాటి లోపలి నీడలో బూడిద గోధుమరంగు గుత్తి కనిపిస్తే ముట్టుకోకుండా దిగిపొమ్మనండి. పగలు లేచి ఎగిరిన గబ్బిలాన్ని కాకులు, గద్దలు వదలవు. తొర్రలోనైతే చెయ్యి పెట్టనే కూడదు. పాము ఉండొచ్చు, తేనెటీగలు ఉండొచ్చు, గబ్బిలమే కరవొచ్చు. చిన్న అద్దం, టార్చి చాలు. అద్దాన్ని కన్నంలోకి పెట్టి పైకి చూసేలా వంచాలి. పక్షి గూడు కన్నానికి దిగువన ఉంటుంది, గబ్బిలాలు కన్నానికి ఎగువన, లోపలి కప్పుకు పట్టుకుని ఉంటాయి. కిందికి మాత్రమే చూసి ఖాళీ అని చెప్పేస్తే ఆ చూపు వృథా.

ఎండి పుచ్చిన చెట్టు ఎక్కడం ప్రాణాపాయం. అలాంటి చెట్టుకు ఈ పద్ధతి పక్కన పెట్టి సందెవేళ కాపలాకే వెళ్లండి. తీగలు ఆనుకున్న చెట్టూ అంతే.

కెమెరాలు, డిటెక్టర్లు, డ్రోన్లు

ఫోన్‌కు తగిలించుకునే సన్నటి వైరు కెమెరా మెకానిక్కుల దగ్గర, ప్లంబర్ల దగ్గర ఉంటుంది. అద్దం అందని లోతైన తొర్రకు అది బాగా పనికొస్తుంది. మెడ వంగి పైకి చూడగలిగే రకమైతేనే అడిగి తెచ్చుకోండి. వెలుగు తగ్గించి, నిమిషంలో చూసి తీసేయాలి. పిల్లలుండే నెలల్లో అసలు దూర్చకపోవడమే మేలు.

డిటెక్టర్ గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పురుగులు తినే గబ్బిలాలు చేసే శబ్దం మన చెవికి అందదు, మనిషి వినగలిగే 20 కిలోహెర్ట్జ్ కంటే చాలా పైన ఉంటుంది. ఆ శబ్దాన్ని ఈ పరికరం వినిపించేలా మారుస్తుంది. పరికరం మంచిదే. కానీ మన పెద్ద గబ్బిలాలూ, పొట్టిముక్కువీ అలాంటి శబ్దాలతో దారి వెతుక్కోవు, కంటిచూపుతోనూ వాసనతోనూ తిరుగుతాయి. అంటే తాడిచెట్టు కింద డిటెక్టర్ పట్టుకుని రాత్రంతా నిలబడినా పైన ఉన్న గుంపు గురించి అది ఏమీ చెప్పదు. యూరప్‌లో ఉన్న గబ్బిలాలు దాదాపు అన్నీ పురుగులు తినేవి కాబట్టి అక్కడి సలహాల్లో దీనికి పెద్దపీట వేస్తారు, డెల్టాలో ఆ సలహా యథాతథంగా పనికిరాదు. తొర్రచెట్టు దగ్గర సందెవేళ కాపలాకు తోడుగా పెట్టుకుంటే మసకలో జారిపోయే చిన్నవాటి ఉనికి తెలుస్తుంది. అప్పుడు కూడా ఇక్కడ ఎగురుతున్నాయని మాత్రమే చెప్తుంది, ఈ కన్నంలోంచే వచ్చాయని చెప్పదు.

వేడిని పట్టే కెమెరా ఖరీదెక్కువ. మన ఎండలకు సందెవేళ కాండమే కాలిపోతూ ఉంటుంది, గబ్బిలం ఒంటి వేడి విడిగా తెలియదు. పొలాలకు మందు కొట్టే డ్రోన్ ఉంది కదా అని చెట్టు మీదికి ఎగరేయకండి. ఆ రొదకు పెద్ద గబ్బిలాల గుంపంతా లేచిపోతుంది, చంకన పిల్లలున్న తల్లులకు అది ప్రమాదం.

ఇంకొకటి అందరూ చేసేది: గొడ్డలి వెనకతో చెట్టు మొదలు మీద నాలుగు దెబ్బలు కొట్టి, ఏమీ ఎగరలేదు కాబట్టి ఏమీ లేదనుకోవడం. తొర్రలో ఉన్నది పగలు దెబ్బ వింటే బయటికి రాదు, ఇంకా లోపలికి నక్కుతుంది. ఈ పద్ధతిని నేను ఏ చెట్టుకూ ఒప్పుకోను.

అయితే ఏ చెట్టుకు ఏది

గుడి దగ్గర మర్రికి, చెరువుగట్టు రావికి పగటి చూపు చాలు. గుంపు ఉందా లేదా అన్నది క్షణంలో తేలిపోతుంది.

కాలవగట్టు నిద్రగన్నేరు, ముసలి మామిడి, చింత లాంటి తొర్రపడే చెట్లకు పగలు ఒకసారి చూసి కన్నాలు గుర్తుపెట్టుకోండి, పనికి ముందు రెండు సాయంత్రాలు కూర్చోండి. రెండోది పనికి ముందురోజే కావాలి. తొర్ర లోతుగా ఉండి, చెట్టు గట్టిదైతే అద్దమో కెమెరానో కలపండి.

తాడికి, జీలుగుకు ఎక్కించి చూడటమే. మనిషి దొరక్కపోతే సందెవేళ కాపలా రెండో ఎంపిక. కానీ మట్టల గుత్తి అన్ని వైపులా తెరిచి ఉంటుంది కాబట్టి కనీసం ముగ్గురు మూడు పక్కల ఉండాలి.

కొబ్బరికి ప్రత్యేకంగా చేయాల్సింది తక్కువ. దింపు జరిగిన ప్రతిసారీ మొవ్వు దాకా మనిషి వెళ్తాడు, ఎండు మట్టలు లాగేస్తాడు. అతన్ని అడిగితే సరిపోతుంది. దింపు మానేసి వదిలేసిన చెట్టయితే తాడిచెట్టులాగే చూడాలి.

అందరూ మరిచిపోయేది నరమామిడి. బడి ప్రహరీ వెంట, ఆఫీసుల ముందు, కల్యాణమండపాల దగ్గర వరసగా పెంచి ఏటా నిలువునా కత్తిరిస్తారు. అలంకారానికి పెంచిన చెట్టులో ఏముంటుందిలే అనుకుంటారు. కిందికి వాలిన ఆ ఆకుల గుబురు పొట్టిముక్కు గబ్బిలానికి సరిగ్గా సరిపోయే చోటు. దీనికి పగలు చెట్టు మొదలు దగ్గర నిలబడి కాండం పక్క నుంచి పైకి చూడండి. ఆకుల మధ్య గంట ఆకారంలో ఖాళీ, చివర్లు తెగిన రెమ్మలు కనిపిస్తే సాయంత్రం ఒకసారి కూర్చోండి.

ఎప్పుడు కొట్టించాలి

పద్ధతి కంటే కాలం ఎంచుకోవడమే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. పెద్ద గబ్బిలాలు ఎక్కువగా ఫిబ్రవరి, మే మధ్య ఈనుతాయి, ఈతకు ఒక్కటే పిల్ల. మొదటి వారాల్లో తల్లి దాన్ని చంకన కరిపించుకునే ఎగురుతుంది, తర్వాత కొమ్మకు వదిలి మేతకు వెళ్తుంది. పిల్లకు రెక్కలు నిలదొక్కుకోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. పొట్టిముక్కుది ఏడాదికి రెండుసార్లు ఈనుతుంది, ఫిబ్రవరి మార్చిల్లో ఒకసారి, జూన్ జులైల్లో ఇంకోసారి. దాని పిల్ల నెలన్నరకు ఎగురుతుంది. పురుగు గబ్బిలాల్లో చాలావాటికి పిల్లల కాలం వానల మొదట్లోనే.

ఇవన్నీ కలిపి చూస్తే ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఏదో ఒక రకానికి ఎగరలేని పిల్లలుంటాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా అన్నిటికంటే తెరిపి. కాబట్టి తుఫాను భయంతో దసరా సమయంలో చేయించే పని, ముందు చూసుకుని చేస్తే, కాలం రీత్యా సబబే. మే, జూన్లలో చేసే నరుకుడే అన్నిటికంటే చేటు. కరెంటు తీగలకు ఆనుకున్న కొమ్మలు ఆపలేం, అవి తీయాల్సిందే. తీగకు తగిలే కొమ్మ వరకు తీసి, ఎలాగూ మనుషులు వచ్చారు కదా అని మిగతా చెట్టును కూడా బోడిచేయకుండా సంక్రాంతి ముందుకు వాయిదా వేయడం సాధ్యమే.

ఈ లెక్క వల్లే ఇంకో అపోహ కూడా తప్పని తేలుతుంది. రాత్రి అన్నీ మేతకు పోతాయి కదా, చీకటి పడ్డాక కొట్టేద్దాం అంటారు. వెళ్లేవి తల్లులు. ఎగరలేని పిల్లలు తొర్రలోనే, ఆకు కిందే ఉంటాయి. పొగపెట్టినా, టపాకాయలు పేల్చినా జరిగేది ఇదే, తల్లులు లేచిపోతాయి, పిల్లలు రాలిపడతాయి.

ఉన్నాయని తేలితే

మూడు దారులున్నాయి. వాయిదా వేయడం అన్నిటికంటే తేలిక, ఖర్చు కూడా లేదు. చెట్టు వెంటనే కూలే స్థితిలో లేకపోతే ఇదే ఎంచుకోండి.

రెండోది కొట్టే భాగం తగ్గించుకోవడం. ఇంటి మీదికి వాలిన కొమ్మ ప్రమాదమైతే ఆ కొమ్మే తీయించి, తొర్ర ఉన్న కాండాన్ని నిలబెట్టవచ్చు. పైబరువు తగ్గితే గాలికి పట్టూ తగ్గుతుంది. తాడికి ఇంటి వైపు వాలిన మట్టలు తీసి, గుత్తి ఉన్న పక్క వదిలేయవచ్చు. చాలా చెట్లకు ఈ మధ్యేమార్గమే సరిపోతుందని నా అభిప్రాయం, చెట్టు బతుకుతుంది, ఇల్లూ భద్రంగా ఉంటుంది.

మూడోది చెట్టు తీయక తప్పని పరిస్థితి. అప్పుడు అటవీశాఖ రేంజి కార్యాలయానికి కబురు చేసి వాళ్లు చెప్పినట్టు చేయాలి. ఒకప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను కాకులతో, ఎలుకలతో కలిపి హానిచేసే జీవాల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. పెద్ద గబ్బిలం ఇప్పుడు రెండో షెడ్యూలు కింద రక్షణ ఉన్న జీవి. గబ్బిలాలకు చట్టం లేదు అన్న పాతమాట పట్టుకుని గుంపున్న చెట్టు నరికితే కేసు కావచ్చు. దీనికి తోడు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి సంగతి వేరే ఉంది. కాలవగట్టు చెట్టయితే అది మీది కానే కాదు, మీ ఇంటి ఎదురుగా ఉన్నా సరే.

జబ్బుల భయం గురించి కూడా చెప్పాలి. పెద్ద గబ్బిలాల్లో నిఫా వైరస్ ఉండొచ్చన్నది నిజం, కేరళలో 2018లోనూ ఆ తర్వాతా మనుషులకు సోకింది. ఆ భయంతో చెట్టు నరికితే జబ్బు తగ్గదు, చెదిరిన గుంపు పక్క ఊరికి చేరుతుంది. కొరికిన పండు తినకపోవడం, కల్లుకుండ మూతికి అవి వాలకుండా వల కట్టడం, ఒట్టి చేత్తో గబ్బిలాన్ని ముట్టుకోకపోవడం, ఇవి అక్కరకొచ్చే జాగ్రత్తలు. కరిచినా, గీరినా సబ్బుతో పావుగంట ధారగా కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి.

పని జరిగే రోజు పొద్దున్నే కత్తి పట్టేముందు తొర్రలు, మట్టలు మరోసారి చూడండి. కొట్టిన కొమ్మను ధబీమని పడేయకుండా మోకుకు కట్టి దించమనండి. తొర్ర ఉన్న ముక్కను తొర్రకు అడ్డంగా కోయకుండా, పైనా కిందా బారెడు వదిలి కోసి, కన్నం పైకి ఉండేలా నేలమీద పెట్టి ఆ రాత్రికి అలాగే వదిలేయండి. లోపల ఏవైనా మిగిలి ఉంటే చీకట్లో తమంతట తాము పోతాయి. పిల్ల కిందపడి కనిపిస్తే మందపాటి గుడ్డతో తీసి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డ వేలాడదీసి దానికి పట్టుకోనివ్వండి, నీడలో ఉంచి అటవీశాఖకు ఫోన్ చేయండి. పాలు పట్టకండి. ఆవుపాలు దానికి పడవు, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. సాయంత్రం దాకా ఎవరూ రాకపోతే పెట్టె మూత తీసి, పిల్ల పడిన చోటికి దగ్గరగా, కుక్కలకూ పిల్లులకూ చీమలకూ అందని ఎత్తులో కట్టి ఉంచండి. తల్లి వచ్చి తీసుకుపోయే అవకాశం ఆ మొదటి రాత్రే ఎక్కువ.